వైర్‌లెస్ పరిశోధకుడు తన పదేళ్లు దేని మీద పెట్టాలి?

వైర్‌లెస్ కమ్యూనికేషన్స్‌లో ఏ పేపరు తీసినా రెండో సెక్షన్‌లో సిస్టమ్ మోడల్ ఉంటుంది. బేస్ స్టేషన్‌కి ఇన్ని యాంటెన్నాలు, ఇంతమంది యూజర్లు, మధ్యలో రేలీ ఫేడింగ్, అంటే చాలా దారుల్లో వచ్చి కలిసే సిగ్నల్ బలం యాదృచ్ఛికంగా పెరగడం, తగ్గడం. దారిలో సిగ్నల్ మారే ఈ తీరునే ఛానెల్ అంటారు. ఆ పేరా చివర్లో ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది: "ఛానెల్ వివరాలు రెండు వైపులా కచ్చితంగా తెలుసని అనుకుంటున్నాం." తర్వాత వచ్చే పది పేజీల లెక్కలన్నీ ఆ వాక్యం మీదే నిలబడి ఉంటాయి.

నా వాదన ఒకటే. పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి సొంత ల్యాబ్ నడిపే రోజు దాకా పరిశోధకుడు తన కాలాన్ని ఆ వాక్యాన్ని తొలగించడం మీద పెట్టాలి. కొత్త మోడల్ అల్లడం మీద కాదు. ఈ రంగంలో నిలిచిపోయిన పనులు చాలావరకు మొదటి రకానివే. మన యూనివర్సిటీలు లెక్కపెట్టి మార్కులు వేస్తున్నది రెండో రకానికి.

రెండో రకం ఎలా తయారవుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నోమా (ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి పలువురు యూజర్లకి పంపడం) ఒకటి, డ్రోన్ మీద రిలే ఒకటి, ఎనర్జీ హార్వెస్టింగ్ ఒకటి, ఫిజికల్ లేయర్ సెక్యూరిటీ ఒకటి. వీటిలో ఏ రెండు కలిపినా ఒక పేపరు, మూడు కలిపితే ఇంకోటి. ఔటేజ్ ప్రాబబిలిటీకి, అంటే లింకు తెగే సంభావ్యతకి, క్లోజ్డ్ ఫామ్ సూత్రం తీస్తారు, అందులో మైయర్ జీ అనే సంక్లిష్టమైన గణిత ఫంక్షన్ వస్తుంది. ఆ సూత్రం గీసిన గీత మీద సిమ్యులేషన్ చుక్కలు సరిగ్గా కూర్చుంటాయి. రివ్యూయర్‌కి తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. ఎందుకు కూర్చున్నాయో మాత్రం చూడాలి. సూత్రంలో ఏ షరతులు పెట్టారో సిమ్యులేషన్‌లోనూ అవే పెట్టారు కాబట్టి. ఆ బొమ్మ రుజువు చేసింది బీజగణితంలో పొరపాటు లేదని మాత్రమే. రేడియో సిగ్నల్ గురించి అది ఏమీ చెప్పలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 2019 తర్వాత రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్‌ల మీద పేపర్లు వరదలా వచ్చాయి. గోడకి ఒక పలక బిగించి, దాని మీది వందల చిన్న ఎలిమెంట్ల ఫేజ్ మార్చి, సిగ్నల్‌ని కావలసిన వైపు తిప్పాలన్నది ఆలోచన. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు. అందులో సగం దూరంలో ఎలిమెంట్లు పెడితే 32 వరసలు, 32 నిలువులు కలిసి దాదాపు 1.4 మీటర్ల చదరం అవుతుంది, మొత్తం 1,024 ఎలిమెంట్లు. ఈ ఎలిమెంట్లకి సొంత రిసీవర్ ఉండదు. అందుకని ఛానెల్‌ని ఏ నిర్మాణమూ ఊహించకుండా నేరుగా అంచనా వేయాలంటే, ఫేజ్ అమరిక మారుస్తూ కనీసం ఎలిమెంట్లు ఎన్నో అన్ని పైలట్లు (రెండు వైపులకీ ముందే తెలిసిన పరీక్షా సింబళ్లు) పంపాలి. 5జీ వాడే ఓఎఫ్‌డీఎం, డేటాని సబ్‌కారియర్లనే చాలా సన్నని ఫ్రీక్వెన్సీల మీద పంచి పంపుతుంది. వాటి మధ్య 30 కిలోహెర్ట్జ్ దూరం పెడితే ఒక ఓఎఫ్‌డీఎం సింబల్, దాని ముందు చేర్చే రక్షణ భాగం సైక్లిక్ ప్రిఫిక్స్‌తో కలిపి 35.7 మైక్రోసెకన్లు. 1,024 సింబళ్లకి 36.5 మిల్లీసెకన్లు. ఇప్పుడు ఫోన్ పట్టుకున్న మనిషి గంటకి 3 కిలోమీటర్ల వేగంతో, అంటే మెల్లగా, నడుస్తున్నాడనుకోండి. డాప్లర్, అంటే కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు, 9.7 హెర్ట్జ్. కోహెరెన్స్ టైమ్, అంటే ఛానెల్ దాదాపు మారకుండా ఉండే కాలం, సుమారు 43 మిల్లీసెకన్లు. ఛానెల్ తెలుసుకోవడం పూర్తయ్యేసరికి ఆ ఛానెల్ మారిపోవడానికి సిద్ధంగా ఉంది. డేటా పంపడానికి మిగిలింది ఏడు మిల్లీసెకన్లు. "ఛానెల్ కచ్చితంగా తెలుసు" అన్న వాక్యం కింద దాగినది ఇదే.

దీనికి మందులు లేవని కాదు. ఎలిమెంట్లని గుంపులుగా కట్టొచ్చు, ఛానెల్‌లో దారులు కొన్నే ఉంటాయన్న గుణాన్ని వాడొచ్చు, ముందే సిద్ధం చేసిన అమరికల జాబితాలో (కోడ్‌బుక్) వెతకొచ్చు. అలా చేసిన మంచి పనులు ఉన్నాయి. కానీ అవి చేసినవాళ్లు ముందు ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేసి మొదలుపెట్టారు. ప్రమాణాలు రాసే 3జీపీపీ, రిలీజ్ 18లో ఈ పలకలను పక్కన పెట్టి, బేస్ స్టేషన్ అదుపులో ఉండే రిపీటర్‌ని ఎంచుకుంది. అందులో యాంప్లిఫయర్ ఉంటుంది, బీమ్ ఎటు తిప్పాలో నెట్‌వర్క్ చెబుతుంది. పైలట్ల ఖర్చు, బేస్ స్టేషన్ నుంచి పలకకి, పలక నుంచి ఫోన్‌కి ఉన్న రెండు దారుల నష్టం ఒకదానితో ఒకటి గుణించుకోవడం లెక్క వేసుకున్నవాళ్లకి ఆ నిర్ణయం ఆశ్చర్యం కలిగించదు.

ఇంకాస్త పాత ఉదాహరణలో పాఠం ఇంకా స్పష్టంగా ఉంది. 2000 తర్వాతి దశాబ్దం కాగ్నిటివ్ రేడియోది. టీవీ స్టేషన్ వాడని ఫ్రీక్వెన్సీని విని పసిగట్టి వాడుకోవాలి. వినడానికి సులువైన పద్ధతి ఎనర్జీ డిటెక్టర్, అంటే వచ్చిన పవర్‌ని కొలిచి సిగ్నల్ ఉందో లేదో తేల్చేది. ఎంత బలహీనమైన సిగ్నలైనా సరే, ఎక్కువసేపు వింటే దొరుకుతుందని లెక్క చెబుతుంది. ఆ లెక్కలో ఒక షరతు ఉంది: నాయిస్ పవర్ ఎంతో కచ్చితంగా తెలియాలి. బర్క్లీలో రాహుల్ టండ్రా, అనంత్ సహాయ్ 2008లో ఆ షరతునే పట్టుకున్నారు. నాయిస్ మీద మన అంచనా 1 డెసిబెల్ అటూ ఇటూ అయితే, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి సుమారు మైనస్ 3.3 డెసిబెల్స్ కన్నా కిందున్న సిగ్నల్‌ని ఎనర్జీ డిటెక్టర్ ఎంతసేపు విన్నా నమ్మకంగా పట్టలేదు. ఉష్ణోగ్రత మారితేనే రిసీవర్ నాయిస్ కొంత మారుతుంది, 1 డెసిబెల్ అంటే పెద్ద తేడా ఏమీ కాదు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అదే ఏడు పెట్టిన నియమం మైనస్ 114 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చిన డెసిబెల్స్) దాకా వినాలని. 6 మెగాహెర్ట్జ్ టీవీ ఛానెల్‌లో ఉష్ణ నాయిస్ ఒక్కటే మైనస్ 106. రిసీవర్ సొంత నాయిస్ కలపకముందే 8 డెసిబెల్స్ లోతుకి వెళ్లాలి. 2010లో ఎఫ్‌సీసీ, ఎక్కడ ఏ ఛానెల్ ఖాళీయో చెప్పే జియోలొకేషన్ డేటాబేస్ వాడే పరికరాలకి సెన్సింగ్ తప్పనిసరి కాదని చెప్పేసింది. ఒక షరతుని పరీక్షించిన ఆ ఒక్క పేపరు చదివినవాళ్లు అప్పటికే దారి మార్చుకున్నారు. మన కాలేజీల్లో మాత్రం ఎనర్జీ డిటెక్షన్ మీద థీసిస్‌లు ఆ తర్వాత కూడా చాలా కాలం వస్తూనే ఉన్నాయి.

ఇక షరతు తీసేయడమే పెద్ద పనిగా మారిన సందర్భాలు చూడండి. సియావష్ అలమౌటి 1998లో రాసిన రెండు యాంటెన్నాల పథకంలో ట్రాన్స్‌మిటర్‌కి ఛానెల్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు. రెండు సింబళ్లు, రెండు టైమ్ స్లాట్లు, రెండోసారి సంయుగ్మం తీసి ఒకదానికి గుర్తు మార్చి పంపడం. రిసీవర్‌లో ఒక కూడిక, ఒక తీసివేత. అది 3జీలోకీ, వైమాక్స్‌లోకీ, ఫ్రీక్వెన్సీ రూపంలో ఎల్‌టీఈలోకీ వెళ్లింది. దానికీ ఒక షరతుంది, రెండు వరస సింబళ్ల మధ్య ఛానెల్ మారకూడదు. ఆ షరతు మామూలు వేగాల్లో నిజమే కాబట్టి పథకం బతికింది.

థామస్ మార్జెటా బెల్ ల్యాబ్స్‌లో 2010లో చేసిన పని నా దృష్టిలో ఇంకా గొప్పది. బేస్ స్టేషన్ యాంటెన్నాల సంఖ్యని అనంతానికి తీసుకెళ్లాడు, కానీ ఛానెల్ ఉచితంగా ఇవ్వలేదు. యూజర్లు పైలట్లు పంపాలి, పైలట్లకి సమయం పరిమితం, అందుకే పక్క సెల్‌లో అవే పైలట్లు మళ్లీ వాడక తప్పదు. అలా చూస్తే నాయిస్ పోయింది, ఫాస్ట్ ఫేడింగ్ పోయింది, పక్క సెల్ పైలట్లు వచ్చి కలిసే పైలట్ కంటామినేషన్ ఒక్కటే మిగిలింది. ఛానెల్ తెలుసనుకుని ఉంటే ఆ ఫలితమే కనిపించేది కాదు. కథ అక్కడ ఆగలేదు. మార్జెటా లెక్కలో యాంటెన్నాల మధ్య ఫేడింగ్ స్వతంత్రం. ఎమిల్ బ్యోర్న్‌సన్, యాకబ్ హోయ్‌డిస్, లూకా సాంగ్వినెట్టీ 2018లో ఆ షరతు కూడా తీసేశారు. యాంటెన్నాల మధ్య కోరిలేషన్ ఉంటే, దాన్ని వాడుకుంటే, కంటామినేషన్ మౌలికమైన హద్దు కాదని తేలింది. ఎనిమిదేళ్ల తేడాతో రెండు పెద్ద ఫలితాలు, రెండూ సిస్టమ్ మోడల్‌లో ఒక్కో వాక్యం కొట్టేయగా వచ్చినవే.

మరి సిద్ధాంతానికి షరతులు అక్కర్లేదా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన షానన్ 1948లో ఆలస్యానికీ డీకోడర్ సంక్లిష్టతకీ హద్దు పెట్టకుండానే కెపాసిటీ, అంటే తప్పుల్లేకుండా పంపగల గరిష్ఠ రేటు, లెక్కించాడు. ఫోషినీ, తెలతార్ స్వతంత్ర రేలీ ఫేడింగ్ అనుకునే మైమోలో (రెండు వైపులా చాలా యాంటెన్నాలున్న లింకులో) కెపాసిటీ రెండు వైపుల్లో తక్కువ యాంటెన్నాల సంఖ్యకి అనుపాతంగా పెరుగుతుందని చూపించారు. ఆ షరతులు ఒక హద్దును బయటపెట్టడానికి పెట్టినవి. షరతు కొంచెం వంగితే ఫలితం కొంచెం వంగుతుంది, కూలిపోదు. చూడాల్సింది అదే. మీ మోడల్‌లో ప్రతి షరతునీ ఒక్కొక్కటిగా పది శాతం కదిలించండి. గెయిన్ 4 డెసిబెల్స్ నుంచి 3.5కి వస్తే ఆ షరతు పర్వాలేదు. 4 నుంచి సున్నాకి వస్తే అసలు పరిశోధన సమస్య అక్కడుంది, మీరు రాసిన ఆప్టిమైజేషన్‌లో లేదు.

ఉదాహరణకి బీమ్‌ఫార్మింగ్. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకి 120 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకి డాప్లర్ 389 హెర్ట్జ్, కోహెరెన్స్ టైమ్ ఒక మిల్లీసెకను. ఛానెల్ ఫీడ్‌బ్యాక్ వచ్చి బీమ్ కట్టేసరికి 5 మిల్లీసెకన్లు పడితే ఆ బీమ్ పాత ఛానెల్‌కి కట్టింది. ఈ ఆలస్యాన్ని సిమ్యులేషన్‌లో పెట్టడానికి నాలుగు లైన్ల కోడ్ చాలు. పెట్టిన వెంటనే చాలా పేపర్ల ముఖ్యఫలితం మాయమవుతుంది.

ఈ రంగంలో మంచి ప్రశ్నకి పట్టే కాలం ఎంతో కూడా తెలుసుకుని దిగాలి. రాబర్ట్ గాలగర్ ఎమ్ఐటీలో 1960 నాటి థీసిస్‌లో ప్రసారంలో వచ్చే తప్పుల్ని సరిదిద్దే ఎల్‌డీపీసీ కోడ్‌లు ప్రతిపాదించాడు. ఆనాటి కంప్యూటర్లకి ఆ డీకోడింగ్ భారం. 1990లలో మెకే, నీల్ మళ్లీ కనుక్కునేదాకా దాదాపు అందరూ మర్చిపోయారు. 5జీ డేటా ఛానెల్‌లో ఇప్పుడు నడుస్తున్నవి అవే. గాలగర్ శిష్యుడు ఎర్దాల్ అరికాన్ 1986లో పీహెచ్‌డీ పూర్తిచేసి మరుసటేడు టర్కీ తిరిగి వెళ్లి అంకారాలో బిల్కెంట్ యూనివర్సిటీలో చేరాడు. సీక్వెన్షియల్ డీకోడింగ్‌లో కట్-ఆఫ్ రేట్ అనే హద్దు ఉంది, దాన్ని ఎలా పెంచాలన్నది ఆయన థీసిస్ కాలం నుంచి పట్టుకున్న ప్రశ్న. ఆ ప్రశ్న నుంచి పుట్టినవే పోలార్ కోడ్‌లు, వాటి పేపరు వచ్చింది 2009లో. మొదట్లో వాటి పనితీరు చిన్న బ్లాకుల దగ్గర ఆశాజనకంగా లేదు. టల్, వార్డీ లిస్ట్ డీకోడర్‌కి సీఆర్‌సీ (తప్పు పట్టే అదనపు బిట్లు) జోడించాక పరిస్థితి మారింది. 2016 నవంబరులో 3జీపీపీ 5జీ కంట్రోల్ ఛానెల్‌కి పోలార్ కోడ్‌లు తీసుకుంది. థీసిస్ నుంచి ప్రమాణం దాకా 30 ఏళ్లు. ఏటా నాలుగు పేపర్లు చూపించమనే పద్ధతిలో ఆ ముప్పై ఏళ్లలో మొదటి ఇరవైకి మార్కులు పడవు.

ఇక పనిలోకి వద్దాం. పీహెచ్‌డీ మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌తో పాటు చేయాల్సిన పని ఒక మంచి పేపరులోని ఒక బొమ్మని మళ్లీ గీయడం. కోడ్ అడగకుండా, సొంతంగా. ఇందులో దొర్లే పొరపాట్లు ఎప్పుడూ అవే, వాటిని పట్టే అంకెలూ తెలిసినవే. ఏడబ్ల్యూజీఎన్‌లో (ఫేడింగ్ లేకుండా నాయిస్ ఒక్కటే ఉన్న ఛానెల్‌లో) సింబల్‌కి ఒక బిట్ పంపే బీపీఎస్‌కేకి బిట్ ఎర్రర్ రేటు పది లక్షల్లో పది, అంటే 10కి మైనస్ 5వ ఘాతం, రావాలంటే బిట్ ఎనర్జీ-నాయిస్ నిష్పత్తి 9.6 డెసిబెల్స్ ఉండాలి. రేలీలో 10 డెసిబెల్స్ దగ్గర ఎర్రర్ రేటు 0.0233 రావాలి. ఈ రెండూ రాకపోతే ముందుకు వెళ్లకూడదు. సరిగ్గా 3 డెసిబెల్స్ తేడా వస్తే, కాంప్లెక్స్ నాయిస్‌ని రియల్, ఇమాజినరీ భాగాలకి సగం సగం పంచలేదన్న మాట. లేదా సింబల్‌కి రెండు బిట్లు పంపే క్యూపీఎస్‌కేలో సింబల్ ఎనర్జీని బిట్ ఎనర్జీ అనుకున్నారు. సింబల్‌కి నాలుగు బిట్లు పంపే 16-క్వామ్‌లో అదే పొరపాటు 6 డెసిబెల్స్ అవుతుంది, సగం రేటు కోడ్ కూడా ఉంటే ఇంకో 3. రెండు యాంటెన్నాల అలమౌటి గీత, రెండు రిసీవ్ యాంటెన్నాల ఎమ్ఆర్‌సీ (రెండు సిగ్నళ్లనీ వాటి బలాన్ని బట్టి కలిపే పద్ధతి) గీతకి 3 డెసిబెల్స్ కుడివైపు సమాంతరంగా ఉండాలి. ఒకదాని మీద ఒకటి పడితే మొత్తం ట్రాన్స్‌మిట్ పవర్‌ని రెండు యాంటెన్నాలకీ పంచడం మరిచారు.

ఓఎఫ్‌డీఎంలో ఇంకో రెండు ఉచ్చులున్నాయి. మాట్‌ల్యాబ్, నమ్‌పై రెండింటిలోనూ మామూలుగా వాడే ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) పవర్‌ని ఎఫ్‌ఎఫ్‌టీ సైజు రెట్లు పెంచుతుంది. వర్గమూలంతో సరిచేయకుండా నాయిస్ కలిపితే గీత ఎటో వెళ్తుంది. రెండోది సైక్లిక్ ప్రిఫిక్స్ ఎనర్జీ. 2,048 శాంపిళ్లకి 144 శాంపిళ్ల ప్రిఫిక్స్ అంటే 0.3 డెసిబెల్ నష్టం. చిన్నదే, కానీ మీ కొత్త పద్ధతి గెయిన్ 0.4 డెసిబెల్ అయితే చిన్నది కాదు.

ఎన్ని ట్రయల్స్ నడపాలన్నదానికి ఒక తేలిక కొలత: ప్రతి పాయింటుకీ కనీసం 100 ఎర్రర్లు వచ్చేదాకా. అప్పుడు అంచనాలో పొరపాటు సుమారు 10 శాతం. లక్షలో ఒకటి ఎర్రర్ రేటు చూపించాలంటే కోటి బిట్లు. అల్ట్రా రిలయబుల్ కమ్యూనికేషన్ పేపర్లలో బ్లాక్ ఎర్రరే లక్షలో ఒకటి ఉండాలి కాబట్టి కోటి బ్లాకులు డీకోడ్ చేయాలి. ల్యాప్‌టాప్ మీద రోజులు పడుతుంది. అది చేయకుండా, నాలుగైదు ఎర్రర్ల మీద గీసిన గీత చివర వంకరలు పోతే, దానికి "ఎర్రర్ ఫ్లోర్" అని పేరు పెట్టిన పేపర్లు అచ్చయ్యాయి. ప్రతి బొమ్మకీ కోడ్, ర్యాండమ్ సీడ్, గిట్ కమిట్ నంబరు కలిపి దాచిపెట్టండి. రివ్యూ ఆరు నెలల తర్వాత వచ్చి "ఫిగర్ 4 మళ్లీ వేయండి" అంటే పాత పారామీటర్లు ఎవరికీ గుర్తుండవు.

రెండో ఏడాదికల్లా ఒక సాఫ్ట్‌వేర్ రేడియో (సిగ్నల్ లెక్కలు కంప్యూటర్‌లో జరిగే రేడియో పెట్టె) ముట్టుకోవాలి, సిద్ధాంతం చేసేవాళ్లు కూడా. యూఎస్‌ఆర్‌పీ బీ210 అయితే 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా, 56 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, రెండు యాంటెన్నాలు. మొదటి ప్రయోగం గాలిలో వద్దు, కేబుల్ మీద చేయండి, మధ్యలో 30 డెసిబెల్స్ అటెన్యుయేటర్ తప్పక పెట్టండి. ట్రాన్స్‌మిటర్ 10 డీబీఎం పైగా ఇవ్వగలదు, రిసీవర్ ఇన్‌పుట్ తట్టుకునేది మైనస్ 15. అటెన్యుయేటర్ మరిచిపోతే రిసీవర్ ఫ్రంట్ ఎండ్ కాలిపోతుంది. స్క్రీన్ మీద 'ఓ' అక్షరాలు పడుతుంటే కంప్యూటర్ శాంపిళ్లను అందుకోలేకపోతోంది, 'యూ' పడితే ట్రాన్స్‌మిటర్‌కి సకాలంలో అందించలేకపోతోంది. 20 మెగా శాంపిళ్ల రేటు అంటే సెకనుకి 80 మెగాబైట్లు, మామూలు హార్డ్ డిస్క్ మీద నేరుగా రాయడం ప్రమాదం. ఆ అక్షరాలు పడిన రికార్డింగ్‌లో మధ్యలో శాంపిళ్లు పోయి ఉంటాయి, దాన్ని విశ్లేషించడం దండగ.

తర్వాత ఎదురయ్యేది క్రిస్టల్. బీ210లో గడియారం తేడా ప్లస్ ఆర్ మైనస్ 2 పీపీఎం, అంటే పది లక్షల్లో రెండు వంతులు. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర అంటే 7 కిలోహెర్ట్జ్, రెండు పెట్టెలు ఎదురెదురు దిశల్లో జరిగితే 14. ఎల్‌టీఈ సబ్‌కారియర్ వెడల్పే 15. రిసీవర్‌లో వాడే ష్మిడ్ల్-కాక్స్ పద్ధతి ఒక సబ్‌కారియర్ దాకా ఈ ఫ్రీక్వెన్సీ తేడాని (ఆఫ్‌సెట్) పట్టగలదు కాబట్టి ఇక్కడ గట్టున పడతారు. చవకైన ప్లూటో రేడియోలో గడియారం 25 పీపీఎం. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్క వైపే 60 కిలోహెర్ట్జ్, కాబట్టి ఎన్ని పూర్తి సబ్‌కారియర్లు జరిగిందో, అంటే ఇంటీజర్ ఆఫ్‌సెట్, విడిగా వెతకాలి. "సింక్రనైజేషన్ పర్ఫెక్ట్ అనుకుంటున్నాం" అని రాసే చేతికి ఈ అనుభవం అవసరం. ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపి అందుకునే టీడీడీలో గాలి రెండు దిశల్లో ఒకటే అయినా, ట్రాన్స్‌మిట్ చిప్పులు, రిసీవ్ చిప్పులు ఒకటి కావు. రైస్ యూనివర్సిటీ 2012లో 64 యాంటెన్నాల ఆర్గోస్ అనే ప్రయోగాత్మక బేస్ స్టేషన్ కట్టినప్పుడు ముందుగా తేల్చుకోవాల్సి వచ్చింది ఈ క్యాలిబ్రేషన్‌నే. సిద్ధాంతంలో అది ఒక్క వాక్యంలో అయిపోతుంది.

గాలిలో ప్రసారం చేయాలంటే మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్‌లో కొంత భాగం లైసెన్సు లేకుండా వాడొచ్చు, పవర్ హద్దులు పాటిస్తూ. 3.5 దగ్గర చేయాలంటే టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో ఎక్స్‌పరిమెంటల్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాలి. ప్రాజెక్టు మొదటి నెలలోనే పెట్టాలి, పరికరాలు వచ్చాక కాదు.

షరతు ఎదిరించిన పని మన దగ్గర కూడా జరిగింది. సంగారెడ్డి దగ్గర కంది క్యాంపస్‌లో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో కిరణ్ కుచి బృందం, ఐఐటీ మద్రాస్, వైర్‌లెస్ పరిశోధనా కేంద్రం సీవిట్‌లతో కలిసి, దేశ టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ ద్వారా 5జీఐ అనే భారతీయ 5జీ ప్రతిపాదన తెచ్చింది. వాళ్లు ప్రశ్నించిన షరతులు రెండు. ఒకటి, టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయన్నది. మన పల్లెల్లో అలా ఉండవు కాబట్టి టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరంతో ఒక పరీక్షా సందర్భం అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ మూల్యాంకనంలో చేరింది. రెండోది, ఫోన్‌లోని పవర్ యాంప్లిఫయర్ సరళరేఖలా పనిచేస్తుందన్నది. ఓఎఫ్‌డీఎం సిగ్నల్ శిఖరాలు సగటు కన్నా 10 డెసిబెల్స్ పైకి పోతాయి, వాటి కోసం యాంప్లిఫయర్‌ని వెనక్కి తగ్గించి నడపాలి. మామూలు ఫోన్ పరిమితి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. సెల్ అంచున అప్‌లింక్ తెగేది ఇక్కడే. సింబల్ సింబల్‌కీ ఫేజ్‌ని 90 డిగ్రీలు తిప్పే పై బై టూ బీపీఎస్‌కేకి స్పెక్ట్రమ్ షేపింగ్ చేరిస్తే శిఖరం సుమారు 2 డెసిబెల్స్‌కి దిగుతుంది, యాంప్లిఫయర్‌ని దాదాపు పూర్తి బలంతో నడపొచ్చు. 3 డెసిబెల్స్ అదనంగా దొరికాయనుకుందాం. దూరంతో సిగ్నల్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే పాత్‌లాస్ ఎక్స్‌పోనెంట్ 3.5 ఉన్న చోట సెల్ వ్యాసార్ధం 22 శాతం పెరుగుతుంది, విస్తీర్ణం 48 శాతం. కవరేజీయే హద్దైన పల్లెల్లో మూడు టవర్లు కావలసిన చోట రెండు సరిపోతాయి. 2021 ఫిబ్రవరిలో ఐటీయూ 5జీఐని ప్రమాణంగా ఆమోదించింది. రెండు ప్రమాణాలు ఉంటే పరికరాల ఖర్చు పెరుగుతుందని ఆపరేటర్లు ఆందోళన చెందారు, చివరికి అది 3జీపీపీ రిలీజ్ 17లో కలిసింది. విడి ప్రమాణంగా నిలవకపోవడాన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒక యూనివర్సిటీ ల్యాబ్ ప్రపంచ ప్రమాణం చర్చలో యాంప్లిఫయర్‌ని మధ్యకి తెచ్చిందంటే, దాని వెనక ఎన్నో ఏళ్లు ఒకే ప్రశ్న మీద కూర్చున్న మనుషులున్నారు.

ప్రమాణాల సమావేశాల నుంచి విద్యారంగం నేర్చుకోవలసినది ఇంకోటి ఉంది. అక్కడ ఏ కంపెనీ ఫలితాన్నయినా పోల్చే ముందు అందరూ సిమ్యులేషన్ షరతులు రాసుకుని ఒప్పుకుంటారు. తర్వాత క్యాలిబ్రేషన్. అందరి సిమ్యులేటర్లూ ఒకే అమరికలో కప్లింగ్ లాస్ (బేస్ స్టేషన్ నుంచి ఫోన్ దాకా మొత్తం నష్టం) పంపిణీ గీత ఒకేలా ఇస్తున్నాయో లేదో చూస్తారు. అది కలిశాకే ఎవరి పద్ధతి మెరుగో మాట్లాడతారు. మన జర్నల్ పేపర్లలో ఒక్కొక్కరు తమకి నచ్చిన ఛానెల్, తమకి నచ్చిన పాత పద్ధతితో పోల్చి గెలుస్తారు. 3జీపీపీ 38.901 ఛానెల్ మోడల్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఒక్క బొమ్మయినా దాని మీద వేయమని ప్రతి గైడూ పట్టుబట్టాలి.

డబ్బు, ఉద్యోగం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకి 37,000, సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. ప్రధానమంత్రి ఫెలోషిప్ పీఎమ్‌ఆర్‌ఎఫ్ వస్తే 70,000తో మొదలవుతుంది. కొత్తగా అధ్యాపకులైనవాళ్లకి పరిశోధనలకి నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఎర్లీ కెరీర్ గ్రాంటు మూడేళ్లకి 60 లక్షల దాకా ఉంది. ఆ డబ్బు మొత్తం ఒక ఖరీదైన స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో పోయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నాలుగు సాఫ్ట్‌వేర్ రేడియోలు, వాటికి ఒకే 10 మెగాహెర్ట్జ్ గడియారం పంచే పెట్టె, మంచి కేబుళ్లు, అటెన్యుయేటర్లు, ఒక బలమైన సర్వర్, ఇద్దరు స్కాలర్ల జీతం. ఎనలైజర్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, అడిగి వాడుకోవచ్చు.

యూనివర్సిటీలు మారాల్సింది లెక్క దగ్గర. విద్యాసంస్థలకి కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులో పబ్లికేషన్ల సంఖ్యకి బరువుంది, అది డీన్ దగ్గరికి, డీన్ నుంచి అధ్యాపకుడికి, అక్కడి నుంచి స్కాలర్‌కి దిగుతుంది. వైవాలో అడగాల్సిన ప్రశ్న "ఎన్ని పేపర్లు?" కాదు. "మీ ఫలితం ఏ షరతు పోతే కూలుతుంది? కూలుతుందో లేదో పరీక్షించారా?" ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగిన ఒక్క పేపరున్న స్కాలర్‌కి డిగ్రీ ఇవ్వొచ్చు. చెప్పలేని పది పేపర్ల స్కాలర్‌ని ఇంకో ఏడాది ఉంచాలి.

అనుబంధ ఇంజనీరింగ్ కాలేజీల్లో వారానికి పదహారు గంటలు పాఠాలు చెప్పే అధ్యాపకులకి ఇదంతా ఐఐటీల సంగతిలా అనిపించొచ్చు. కానీ షరతుల్ని పరీక్షించడానికి అందరికన్నా దగ్గర్లో ఉన్నది వాళ్లే, కొలవాల్సిన చోట్లు వాళ్ల కాలేజీ గోడ అవతలే ఉన్నాయి కాబట్టి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి చేలల్లో లోరా (తక్కువ పవర్‌తో దూరం వెళ్లే రేడియో) సెన్సర్లు పెట్టాలనే ప్రతిపాదనలు "ఖాళీ ప్రదేశం, లైన్ ఆఫ్ సైట్" అనుకుని దూరాలు లెక్కేస్తాయి. 866 మెగాహెర్ట్జ్, 500 మీటర్ల లింకుకి మధ్యలో మొదటి ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్‌కి అడ్డులేకుండా ఉండాల్సిన చోటు) వ్యాసార్ధం 6.6 మీటర్లు. మీటరు ఎత్తున పాతిన యాంటెన్నాకి ఆ జోన్‌లో కింది సగం దాదాపు అంతా నేల, పైరే. నాట్లు వేసిన వారం, పూత దశ, కాయ కోత, తడి పెట్టిన మర్నాడు, ఎండిన వారం తర్వాత అవే చోట్ల మళ్లీ మళ్లీ కొలిస్తే, పైరు పెరిగేకొద్దీ నష్టం ఎంత మారుతుందో తేలుతుంది. కావలసినవి రెండు లోరా మాడ్యూళ్లు, జీపీఎస్, టేపు, ఒక వెదురు కర్ర.

కొలిచేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. ఒకే చోట నిలబడి ఒక్క రీడింగ్ తీసుకుంటే అది ఫాస్ట్ ఫేడింగ్‌లో గుంటో మిట్టో తెలియదు. 40 తరంగదైర్ఘ్యాల దూరం, 866 దగ్గర సుమారు 14 మీటర్లు, నడుస్తూ కనీసం 40 రీడింగ్‌లు తీసి, వాటిని మిల్లీవాట్లలోకి మార్చి సగటు తీయాలి. డెసిబెల్స్‌లోనే సగటు తీస్తే రేలీ ఫేడింగ్‌లో దాదాపు 2.5 డెసిబెల్స్ తక్కువ చూపిస్తుంది. లోరా చిప్పు చూపించే ఆర్‌ఎస్‌ఎస్‌ఐలో (అందిన పవర్ అంకెలో) నాయిస్ కూడా కలిసి ఉంటుంది. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (ఎస్‌ఎన్‌ఆర్) సున్నా డెసిబెల్ కన్నా తక్కువున్నప్పుడు ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్ రెండింటినీ కూడితేనే అసలు సిగ్నల్ పవర్‌కి దగ్గరగా వస్తుంది. అందని ప్యాకెట్లను కూడా లెక్కలో ఉంచాలి. అందినవాటికే సగటు తీస్తే దూరం వెళ్లేకొద్దీ నష్టం పెరగడం ఆగిపోయినట్టు కనిపిస్తుంది, గీత అబద్ధం చెబుతుంది. ఫైల్‌లో ప్రతి ప్యాకెట్‌కీ వరస నంబరు, సమయం, జీపీఎస్, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, ఎస్‌ఎన్‌ఆర్, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, యాంటెన్నా ఎత్తు, పైరు ఎత్తు, నేల తడి ఉండాలి. ఆ ఫైల్‌ని కోడ్‌తో పాటు బయట పెడితే, చేలల్లో నెట్‌వర్క్ ప్లాన్ చేసేవాళ్లు తర్వాత ఊహించిన ఎక్స్‌పోనెంట్ బదులు కొలిచిన ఎక్స్‌పోనెంట్ వాడుకుంటారు.